ఇంజెక్షన్ ఒకటి, డబ్బాలు తొమ్మిది

నేను విజయవాడ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 46. 2025 జూన్‌లో, బడులు తెరిచిన వారమే, షుగర్‌నీ బరువునీ తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మొదలుపెట్టాను. అప్పటికి నా బరువు 94 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. థైరాయిడ్ అంతకంటే పాతది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, థైరాయిడ్ లోటుకి థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు పరగడుపున, ఇవి ఎలాగూ ఉన్నాయి.

ఆ మందు మన దేశానికి వచ్చి అప్పటికి మూడు నెలలే. వయల్స్‌లో దొరికేది, వారానికొకటి. అప్పట్లో 2.5 మిల్లీగ్రాములది ₹3,500. నెల తర్వాత 5 మిల్లీగ్రాములకు మారాలి, అది ₹4,375. అంటే మొదటి నెల పద్నాలుగు వేలు, ఆ తర్వాత నెలకు పదిహేడున్నర వేలు. మా ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ వయల్‌ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టేటప్పుడు పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టేవాడు.

రాసిచ్చిన డాక్టరు గారు మంచివారే, కానీ బయట ముప్పై మంది ఎదురుచూస్తున్నారు. ఎలా పొడుచుకోవాలో నర్సు చూపించింది. వికారం ఉంటుంది, నీళ్లు తాగండి, నెల తర్వాత రండి అన్నారు. కుటుంబంలో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని అడిగారు, లేదన్నాను. షుగర్ పరీక్ష తప్ప వేరే రక్తపరీక్షలు రాయలేదు. ఏం తినాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. తినడం తగ్గించడానికే కదా వచ్చింది, తినడం గురించి ఏం అడుగుతాం!

రెండో వారానికి ఆకలి మాయమైంది. ఇది అనుభవించని వాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఇరవై ఏళ్లుగా ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే నా బుర్ర బజ్జీల బండి వైపు వెళ్లేది. అది ఆగిపోయింది. ఆదివారం కోడికూర వండి, నేను మూడు ముద్దలు తిని లేచాను. కడుపులో ఎవరో తలుపు వేసినట్టు ఉంది. ఈ మందు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది, మెదడుకి "చాలు" అనే కబురు త్వరగా పంపుతుంది అని తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం నాకు హాయిగా ఉంది, అంతే. పొద్దున సగం ఇడ్లీ, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రాత్రి తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "మేడమ్, మొహం సన్నబడింది" అంటుంటే నాకేదో పరీక్షలో ఫస్ట్ వచ్చినట్టుండేది.

ఆగస్టు మొదట్లో, పైఅంతస్తులో ఉన్న తొమ్మిదో తరగతికి మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. అదే వారం ఆవకాయ జాడీ మూత తిప్పలేకపోయాను. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మూత నేనే తీస్తున్నాను. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉన్నాయి, కానీ అవి షుగర్ వల్లే అనుకున్నాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా పాప ఫోన్లో అడిగింది, "అమ్మా, నువ్వు రోజంతా తిన్నది ఒకసారి కాగితం మీద రాయి" అని. రాశాను. ఒక ఇడ్లీ, ఒక గుడ్డు, గ్లాసు కాఫీ, నాలుగు ముద్దల పప్పన్నం, రెండు స్పూన్ల పెరుగు, సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రాత్రి సగం చపాతీ, కొంచెం బీరకాయ కూర. దానికి ప్రొటీన్ లెక్క కట్టాం. ఇడ్లీకి 2 గ్రాములు, గుడ్డుకి 6, ఆ పప్పుకి మహా అయితే 4. ఎంత ధారాళంగా మార్కులు వేసినా మొత్తం 25 దాటలేదు.

ఇక్కడే నేను తప్పు దారి పట్టాను. తిండి సరిచేసుకోవాలి అనుకోకుండా, తినలేనిది మాత్రల్లో మింగేద్దాం అనుకున్నాను. మందుల షాపు అబ్బాయికి నీరసం అని చెబితే మల్టీవిటమిన్, క్యాల్షియం, ఐరన్, చేపనూనె క్యాప్సూల్స్, ఒక ప్రొటీన్ పొడి ఇచ్చాడు. ఫోన్లో అప్పటికే నా వెంటపడుతున్న ప్రకటన ఒకటి ఉంది, బరువు తగ్గే ఇంజెక్షన్ వాడేవాళ్లకు ప్రత్యేకమైన గమ్మీలు అని. అవీ తెప్పించాను. వినాయక చవితికి తలంటుకుంటే దువ్వెనకి గుప్పెడు వెంట్రుకలు వచ్చాయి. భయపడి, జుట్టుకని అమ్మే బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు, కొల్లాజెన్ పొడి కొన్నాను. ఐరన్ మొదలుపెట్టాక మలబద్ధకం పెరిగితే ఇసబ్‌గోల్ చేరింది. తొమ్మిది డబ్బాలు, ₹6,340. ఇంజెక్షన్ ఖర్చుకి ఇది అదనం.

వాటిని మర్చిపోకుండా ఉండటానికి నేను కనిపెట్టిన ఏర్పాటు ఏమిటంటే, పొద్దున ఆరింటికి లేవగానే థైరాయిడ్ మాత్రతో పాటు అన్నీ ఒకేసారి వేసుకుని, పైన వేడివేడి ఫిల్టర్ కాఫీ తాగడం. ఒక పని అయిపోతుంది కదా అని.

ఒక్కో డబ్బా సంగతి తర్వాత నిదానంగా తెలిసింది. ప్రొటీన్ పొడి డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్నది వేరు, వెనక చిన్నక్షరాల్లో ఉన్నది వేరు. చెంచాలతో కొలిచి పాలల్లో కలిపితే ఒకసారికి వచ్చే ప్రొటీన్ 10 గ్రాములు, దానికి దాదాపు సమానంగా చక్కెర. షుగర్ ఉన్నదాన్ని, నెల రోజులు అది తాగాను. గమ్మీల్లో ఏముందో చూస్తే కాస్త బి విటమిన్లు, కాస్త పీచు, మళ్లీ చక్కెర. మల్టీవిటమిన్‌లో ఉన్నవే సగం. ఇసబ్‌గోల్‌కి గ్లాసు నిండా నీళ్లు తాగి, రోజంతా కూడా నీళ్లు పడాలి. ఆకలితో పాటు నాకు దాహం కూడా తగ్గిపోయిన సంగతి గమనించకుండా రెండు గుక్కలతో మింగేదాన్ని. దానితో ఇంకా బిగుసుకుంది. ఆ పది రోజుల గురించి ఇంతకంటే రాయను.

దసరా సెలవుల్లో మా ఆడపడుచు బలవంతం మీద ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు. ముందు పరీక్షలన్నీ చేయించుకుని రమ్మన్నారు. హిమోగ్లోబిన్ 10.4. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 9. బి12 ఏమో 168. విటమిన్ డి 14. ఇవన్నీ ఉండాల్సినదానికంటే తక్కువే. థైరాయిడ్ చాలకపోతే పెరిగి, ఎక్కువైతే తగ్గే టీఎస్‌హెచ్ 0.06, థైరాయిడ్ హార్మోను టీ4 ఎక్కువ. బరువు 87.

థైరాయిడ్ రిపోర్టు చూసి నేనే తేల్చేశాను, బరువు తగ్గాను కాబట్టి 75 మాత్ర ఎక్కువైపోయింది, 50 చేస్తారు అని. అలా జరగడం మామూలేనట కూడా. డాక్టరమ్మ పెన్ను తీసి రాయబోయి ఆగింది. నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. 66.

"టీచర్ గారూ, గుండె దడగా ఉంటుందా?"

"లేదండీ."

"నిద్ర పడుతుందా? చేతులు వణుకుతున్నాయా? విరేచనాలు ఎక్కువసార్లు అవుతున్నాయా?"

చివరి ప్రశ్నకి నవ్వొచ్చింది. నా బాధే దానికి వ్యతిరేకం.

"మరి ఈ రిపోర్టు ఎవరిదో లాగా ఉందే. ఇంట్లో ఏమేం వాడుతున్నారు? మందులు మాత్రమే కాదు, అన్నీ. రేపు సంచితో సహా పట్టుకురండి."

మర్నాడు సంచి తెచ్చి టేబుల్ మీద బోర్లించాను. ఆవిడ తొమ్మిదింటిలోంచి తిన్నగా బయోటిన్ డబ్బా తీసింది. 10 మిల్లీగ్రాములు. "లెక్కల టీచర్ కదా, చెప్పండి. మనిషికి రోజుకి కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు. ఇందులో ఎన్ని?" పదివేలు. రెండొందల యాభై రెట్ల పైమాటే.

వివరం ఇదీ. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే కిట్లలో బయోటిన్‌నే జిగురులాగా వాడతారట. రక్తంలో బయోటిన్ విపరీతంగా ఉంటే ఆ జిగురు పట్టు తప్పుతుంది. టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. మనిషికి థైరాయిడ్ ఎక్కువైపోయినట్టు అచ్చుగుద్దినట్టు రిపోర్టు వస్తుంది. ల్యాబు వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చిందట. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పు చూపించొచ్చని అందులో ఉంది. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

రెండు మూడు రోజులు ఆపితే చాలు, మీది పెద్ద డోసు కాబట్టి వారం ఆపండి అన్నారు. ఆపి మళ్లీ రక్తం ఇచ్చాను. ఈసారి టీఎస్‌హెచ్ 8.4.

అంటే నాకు థైరాయిడ్ మందు ఎక్కువ కాలేదు, తక్కువైంది. వేసుకుంటున్న మాత్ర ఒంటికి పట్టడమే లేదు. కారణం నా ఆరింటి ఏర్పాటు. క్యాల్షియం, ఐరన్ రెండూ థైరాక్సిన్‌ని పేగులోనే పట్టేసుకుంటాయి, వాటికీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. క్యాల్షియం పక్కనుంటే ఐరన్ కూడా సరిగా ఎక్కదు. కాఫీ, టీలు ఐరన్‌ని అడ్డుకుంటాయి. కాఫీ థైరాయిడ్ మాత్రకీ అడ్డమే. నేను అన్నీ కలిపి మింగి, ఒకదానితో ఒకటి కొట్టుకునేలా చేసి, ఆ కొట్లాట బయటికి కనపడకుండా బయోటిన్‌ని అడ్డం పెట్టాను. మొదటి రిపోర్టు నమ్మి మాత్ర 50 చేసుంటే ఏమయ్యేదో! ఆ పెన్ను ఆగడం వల్ల బయటపడ్డాను.

"వీటిలో మీకు నిజంగా కావాల్సింది ఒక్కటే ఉంది, ఐరన్. కావాల్సినవి ఇంకో రెండు ఇందులో సరిపడా లేవు" అంది డాక్టరమ్మ. ఆ రెండు బి12, విటమిన్ డి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 తగ్గడం మామూలట. దానిమీద నేను మాంసం, పాలు కూడా తగ్గించేశాను. అరికాళ్ల తిమ్మిర్లకి అది పెద్ద కారణం కావచ్చు అన్నారు. మల్టీవిటమిన్‌లో ఉన్న చిటికెడు బి12 ఈ లోటుకి చాలదు. మిథైల్‌కోబాలమిన్ అని, 1500 మైక్రోగ్రాముల బి12 మాత్ర రోజూ రాశారు. జుట్టు రాలడానికి బయోటిన్ లోపం కారణం కాదు. బరువు వేగంగా తగ్గితే రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలడం ఉంటుంది, దానికి తోడు ఫెర్రిటిన్ 9. మొదటిది తనంతట తానే సర్దుకుంటుంది, రెండోదానికి ఐరన్, తిండి కావాలి.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి పొట్లం, వారానికొకటి, ఎనిమిది వారాలు. ఇక్కడ ఆవిడ మాట గట్టిగా చెప్పింది: "వారానికి. రోజూ కాదు." నాకు చెప్పక్కర్లేదు అనుకున్నాను, కానీ ఇంటికొచ్చి చెబితే మా ఆడపడుచు మొహం మాడింది. రెండేళ్ల కిందట ఆవిడ అదే పొట్లం పది రోజులు వరసగా తాగిందట, బలానికి అని. ఇది నీళ్లలో కరిగి పోయే విటమిన్ కాదు, ఒంట్లో పేరుకుంటుంది, క్యాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది. ఆవిడ అదృష్టం బాగుండి పొట్లాలు అయిపోయాయి. నేను ఆదివారం మధ్యాహ్నం, నెయ్యి వేసుకున్న అన్నం తిన్నాక తాగుతాను, కొవ్వుతో అయితే బాగా పడుతుందని.

క్యాల్షియం మాత్ర మానేయమన్నారు, పెరుగు, మజ్జిగ, రాగిజావ తాగుతున్నంతకాలం అక్కర్లేదని. ఐరన్ రోజు విడిచి రోజు, సాయంత్రం, నిమ్మకాయ నీళ్లతో. మలబద్ధకం కూడా కొంత తగ్గింది.

ఇక ప్రొటీన్. అసలు కథ ఇదే, మాత్రల గొడవలో పక్కకి పోయింది. ముందు కిడ్నీ పరీక్షలు చూశారు, బాగున్నాయి. తర్వాత డైటీషియన్ దగ్గర కూర్చోబెట్టారు. చిన్నమ్మాయి, మా పాప వయసే. బరువు తగ్గితే తగ్గేది కొవ్వొక్కటే కాదు, అందులో కొంత భాగం కండ కూడా. మీ జాడీ మూత సంగతి అదే ఆంటీ అంది. నా ఎత్తుకీ బరువుకీ లెక్క చూసి రోజుకి 75 నుంచి 80 గ్రాములు పెట్టింది.

"నేను నాలుగు ముద్దలు తింటేనే ఎక్కువ తల్లీ, 80 ఎక్కడ్నుంచి తేను?"

"ఆ నాలుగు ముద్దల్లో అన్నం చివర పెట్టండి."

అంతే. కంచంలో ముందు చేపో, కోడికూరో, గుడ్డో, గట్టి పప్పో తినాలి. కడుపులో చోటు మిగిలితే అన్నం. అరవై గ్రాముల పెసలు నానబెట్టి రెండు పెసరట్లు, ఒక గుడ్డు: 20 గ్రాములు. మధ్యాహ్నం 75 గ్రాముల కోడి, కాస్త పప్పు: మరో 22, 24. పెరుగు, సాయంత్రం శనగల గుగ్గిళ్లు కలిపి 10, 11. ఇంత కష్టపడినా 55 దగ్గర ఆగింది. ఇంజెక్షన్ వేసుకున్న మర్నాడు అదీ ఉండదు.

ఆ లోటుకి వే ప్రొటీన్, అంటే పాలవిరుగుడు తేట నుంచి తీసే పొడి. మా సైన్స్ మాస్టారు వెంటనే అడ్డుపడ్డారు. "మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ వాళ్లే 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులు వద్దన్నారు కదమ్మా!" నిజమే, అన్నారు. డైటీషియన్ని అడిగాను. అది మామూలుగా తినగలిగేవాళ్లు కండల కోసం డబ్బాలు తాగడం గురించి, మీరు తినలేక లోటు పూడ్చుకుంటున్నారు, తినగలిగిన రోజు మానేయండి అంది. నాకు సబబుగానే అనిపించింది. మాస్టారికి ఇప్పటికీ అనిపించడం లేదు.

మొదట తెచ్చిన వెనీలా రుచి వే తాగితే కడుపు ఉబ్బి, వాసనకే వికారం పుట్టింది. చక్కెర వేయకపోయినా ఆ తియ్యదనం నోట్లో సాయంత్రం దాకా ఉండేది. తర్వాత వే ఐసొలేట్ అని, పాలచక్కెర బాగా తక్కువ ఉండేది, ఏ రుచీ లేనిది తెచ్చుకున్నాను. ఒక స్కూపుకి దాదాపు 25 గ్రాములు. దాన్ని పలుచని మజ్జిగలో ఉప్పు, జీలకర్ర, కరివేపాకు వేసి కలిపి, స్టీలు సీసాలో బడికి పట్టుకెళ్లి రెండు పీరియడ్ల మధ్య గుక్కగుక్కగా తాగుతాను. మా అమ్మ ఒకసారి రుచి చూసి, "పాలపిండి కలిపిన మజ్జిగలా ఉందే, దీనికి మూడు వేలా?" అంది. రుచి విషయంలో ఆవిడతో వాదించను. కొత్తగా కొనేవాళ్లకు ఒక్క మాట: వంద గ్రాముల పొడికి ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అని డబ్బా వెనక చూడండి. మొదట నేను కొన్నదానికీ దీనికీ తేడా అక్కడే ఉంది, ముందువైపు బొమ్మలో లేదు.

దానితో పాటు రెండు కిలోల డంబెల్స్, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. అది చేయకపోతే ఎంత ప్రొటీన్ తాగినా కండ నిలవదని చెప్పారు. చేస్తున్నాను, ఇష్టంగా కాదు.

దీపావళి నాడు జరిగింది కూడా చెప్పాలి. పండగ కదా అని రెండు గారెలు, ఒక అరిసె తిన్నాను. నూనె వంటకాలు ఈ మందు మీద అసలు పడవు. రాత్రంతా వాంతులు. కడుపు పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది. అలాంటి నొప్పి లేదు గానీ, నోరెండిపోయింది. మా ఆయన పరిగెత్తి షాపు నుంచి యాపిల్ రుచి ఉన్న అట్టపెట్టె డ్రింకు తెచ్చాడు, పేరులో ఓఆర్ఎస్ అని ఉంది. పాప వీడియో కాల్‌లో చూసి, "నాన్నా, అది ఓఆర్ఎస్ కాదు, పంచదార నీళ్లు!" అని కేకేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ విషయం వార్తల్లో ఉంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ అక్టోబర్‌లోనే ఆదేశించింది. షాపులో పాత సరుకు ఇంకా ఉన్నట్టుంది. మళ్లీ వెళ్లి లీటరు నీళ్లలో కలిపే పొట్లం తెచ్చాడు. చెంచా చెంచాగా పట్టిస్తే పొద్దుటికి తేరుకున్నాను.

థైరాక్సిన్ ఒక్కటే నీళ్లతో వేసుకుని, గంట తర్వాత కాఫీ తాగడం మొదలుపెట్టిన ఏడు వారాలకు టీఎస్‌హెచ్ 3.2కి వచ్చింది. మాత్ర అదే 75. కొత్త సంవత్సరంలో చూస్తే హిమోగ్లోబిన్ 11.8, బి12 నాలుగొందలు దాటింది, తిమ్మిర్లు చాలా మటుకు పోయాయి. ఫిబ్రవరికి బరువు 82.5. ఇంజెక్షన్ డోసు 5 దగ్గరే ఉంచారు, పెంచలేదు. జుట్టు రాలడం సంక్రాంతి నాటికి ఆగింది. నుదుటి మీద చిన్న చిన్న కొత్త వెంట్రుకలు లేచి నిలబడి, దువ్వినా పడుకోవడం లేదు.

తొమ్మిది డబ్బాల్లో ఐరన్, ఇసబ్‌గోల్ వాడుతున్నాను. చేపనూనె అయిపోయింది, మళ్లీ కొనలేదు. గమ్మీలు పిల్లల చేతికి అందకుండా పారేశాను. కొల్లాజెన్‌ని మా వదిన పట్టుకెళ్లింది, వద్దన్నా వినలేదు. బయోటిన్ మాత్రం ఇంకా ఫ్రిజ్ పైన ఉంది, సగం పైనే మిగిలింది. పారేయడానికి చేతులు రావడం లేదు, ₹720 పెట్టి కొన్నాను. ఎవరూ పొరపాటున వేసుకోకుండా దాని మీద ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టాను.